పొద్దు సముద్రంలో కుంకింది!

ముప్పై నాలుగేళ్ళు వచ్చాక మొదటిసారి చూశాను, సూర్యుడు సముద్రంలోకి దిగడం! వారమైంది ఇంటికొచ్చి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అదే కనిపిస్తోంది.

మాది చీరాల. మాకు సముద్రమంటే వాడరేవు, వాడరేవంటే పొద్దుపొడుపు. కార్తీకస్నానానికి చీకటితో వెళ్తే నీళ్ళలోంచి ఎర్రగా పైకొచ్చే సూర్యుడే నాకు తెలుసు. సాయంత్రమైతే ఆయన ఊరి వైపు, తాడిచెట్ల వెనక్కి వెళ్ళిపోతాడు. కుంకడానికి కూడా ఆయనకో సముద్రం ఉందని పుస్తకాల్లో చదివానే తప్ప మనసుకెక్కలేదు.

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో కాపురం పెట్టాక రాత్రి అన్నాలయ్యి నేనూ మా ఆయనా ఆస్ట్రేలియా వీడియోలు చూసేవాళ్ళం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కష్టపడి వేసిన గ్రేట్ ఓషన్ రోడ్డు. 243 కిలోమీటర్లు, పక్కనే సముద్రం, రాత్రికి టెంటు. ఎప్పటికైనా వెళ్ళాలి అనుకుంటూ ఏళ్ళు గడిపేశాం. ఈ డిసెంబరులో మ్యాపు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. చీరాల వెళ్ళడానికి మేం కె.ఆర్.పురం దగ్గర తూర్పుకి పట్టుకునే 75వ నంబరు హైవే ఉంది కదా, అదే రోడ్డు పడమటికి పోతే హాసన్, సకలేశపురం దాటి, శిరాడి ఘాట్ దిగి, మంగళూరు దగ్గరికి చేరుస్తుంది!

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కనుమలు దిగుతుంటే గాలి మారిపోయింది, అద్దం దించగానే తడి తగిలింది. ఉడుపి దాటి కుందాపుర, అక్కణ్ణుంచి మరవంతె. ఆ రోడ్డు ఎలా చెప్పను! ఎడమవైపు అరేబియా సముద్రం, కుడివైపు సౌపర్ణికా నది, మధ్యలో 66వ నంబరు హైవే. ఒక కిటికీలో కెరటాలు, ఇంకో కిటికీలో నిద్రపోతున్నట్టున్న నీళ్ళు, వాటి వెనక కొడచాద్రి కొండలు.

అక్కడ ఒక అజ్జి (అవ్వ) తన కొబ్బరితోటలో టెంటు వేసుకోనిచ్చింది. కాయలున్న చెట్టు కింద వద్దని, పోటు ఎక్కడిదాకా వస్తుందో ఇసుకమీద నాచు గీత చూపించి దానికి బాగా ఇవతల వేసుకోమని చెప్పింది. ఇసుకలో మేకులు నిలవకపోతే ఆమె మనవడు సంచుల్లో ఇసుక నింపి, తాళ్ళు కట్టి పాతిపెట్టాడు. ఇక కదిలితే ఒట్టు!

ఆరు దాటింది. సూర్యుడు కింద నొక్కుకుపోయిన ముద్దలా అయి నీళ్ళను తాకాడు. పరుగున ఫోను తీసి అమ్మకు వీడియో కాల్ చేశాను.

"అదేమిటే, ఇక్కడ పొద్దు కుంకి అరగంటైంది, దీపం కూడా పెట్టేశాను!" అంది. తర్వాత మాట్లాడలేదు. పూర్తిగా మునిగిపోయేదాకా ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. వాడరేవులో పొద్దుపొడుపు నాకు చూపించిన అమ్మకు, ఆ రోజు రెండోసారి పొద్దు కుంకడం నేను చూపించాను.

"ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అంటూ అజ్జి నీరుదోసెలు, చేపల కూర తెచ్చింది. రాత్రి టెంటు పైకప్పు వలలోంచి చుక్కలు, దూరంగా పడవల దీపాలు. సముద్రం గుడ్డకు అవతలే ఊపిరి తీస్తున్నట్టుంది. పొద్దున్నే టెంటు గుడ్డ ఎర్రబడింది, కానీ నది వైపు నుంచి!

తర్వాతి రోజు మురుడేశ్వరం, హొన్నావర దగ్గర కాసరకోడ్ తీరం. 2020లో మన రుషికొండతో పాటే దీనికీ శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. తిరుగు దారిలో మల్పె నుంచి పడవెక్కి సెయింట్ మేరీస్ దీవి చూశాం. మడగాస్కర్ మన నేల నుంచి విడిపోయిన కాలంలో, దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ కిందట, ఉబికిన లావా చల్లారి స్తంభాలై నిలిచింది. ఎవరో ఉలితో చెక్కి పేర్చినట్టుంటాయి. చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాను.

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి! వానాకాలం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. తోట వాళ్ళను అడిగే టెంటు వేయండి. మరవంతెలో అలలు బలమైనవి, ఒడ్డునే ఉండండి. సాయంత్రం ఆరు కాకముందే పడమటికి తిరిగి కూర్చోండి.

సంక్రాంతికి చీరాల వెళ్తున్నాం. వచ్చేటప్పుడు అమ్మను వెంట తెచ్చుకుంటాం. "ఈసారి ఫోనులో కాదే" అని ఇప్పటికే చెప్పేసింది.