షేక్స్పియర్ పుట్టిన ఇల్లు

ఇంగ్లండు దేశంలో ఏవన్ నది ఒడ్డున స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్నం ఉన్నది. అక్కడ హెన్లీ వీధిలో ఒక పాత ఇల్లు ఉన్నది. మహానాటకకర్త విలియం షేక్స్పియర్ 1564లో ఈ ఇంట్లోనే పుట్టాడని చెబుతారు.

ఈ ఇల్లు రాజభవనం ఏమీ కాదు. ఓక్ చెట్టు దూలాలతో చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీలలో తడికలు అల్లి, వాటి మీద మట్టి మెత్తారు. మన పల్లెల్లో తడిక గోడలు ఎరిగినవారికి ఈ పని కొత్త కాదు.

విలియం తండ్రి జాన్ తోలుతో చేతి తొడుగులు కుట్టి అమ్మేవాడు. ఆయన ఈ వీధిలో ఉండేవాడని మనకు ఎట్లా తెలిసిందంటే, 1552లో వీధిలో పెంటకుప్ప వేసినందుకు ఆయనకు ఒక షిల్లింగు జరిమానా పడింది! ఆ జరిమానా పద్దు ఊరి లెక్కల్లో భద్రంగా ఉండిపోయింది.

1601లో జాన్ చనిపోగా ఇల్లు విలియంకు వచ్చింది. అప్పటికే ఆయన నాటకాలతో డబ్బు గడించి, 1597లో అదే ఊళ్ళో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు కొని ఉన్నాడు. అందుచేత పాత ఇంట్లో పెద్ద భాగాన్ని అద్దెకిచ్చాడు. అది పూటకూళ్ళ సత్రమయింది. ఒక పక్కనున్న చిన్న భాగంలో ఆయన చెల్లెలు జోన్ కాపురం ఉండేది. ఆమె భర్త హార్ట్ టోపీలు చేసేవాడు. 1616లో వీలునామా రాస్తూ షేక్స్పియర్ చెల్లెలిని మరచిపోలేదు. ఆమె బతికినంతకాలం ఏడాదికి 12 పెన్నీలు అద్దె ఇచ్చి ఆ ఇంట్లోనే ఉండవచ్చునని రాశాడు. 12 పెన్నీలంటే ఒక షిల్లింగు. తండ్రి పెంటకుప్పకు కట్టినదీ అంతే!

ఇల్లు షేక్స్పియర్ పెద్దకూతురికీ, ఆ తరవాత ఆమె కూతురు ఎలిజబెత్‌కూ సంక్రమించింది. ఎలిజబెత్‌కు పిల్లలు లేరు. ఆమె 1670లో చనిపోయినప్పుడు ఆమె వీలునామా ప్రకారం ఇల్లు జోన్ మనమడికి దక్కింది. ఆ విధంగా అన్నగారి ఇల్లు చెల్లెలి వంశానికి చేరి, 1806లో అమ్ముడయేదాకా హార్టుల చేతిలోనే ఉన్నది.

ఈలోగా న్యూ ప్లేస్ ఏమయింది? అది గాస్ట్రెల్ అనే మతగురువు చేతికి వచ్చింది. షేక్స్పియర్ నాటినదని చెప్పుకునే కంబళిచెట్టును చూడటానికి జనం వస్తూ ఉంటే విసుగుపుట్టి, ఆయన 1756లో ఆ చెట్టు కొట్టించేశాడు. ఊరివాళ్ళు ఆయన కిటికీలు పగలగొట్టారు. 1759లో పన్నుల విషయంలో కూడా తగవు వచ్చింది. ఆయన ఏకంగా ఇల్లే పడగొట్టించి ఊరు విడిచిపోయాడు! ఇల్లు ఆయనది, అడ్డుపడే హక్కు ఎవరికీ లేకపోయింది.

హెన్లీ వీధి ఇంట్లో మాత్రం ఒక పక్క సత్రమూ, ఒక పక్క మాంసం దుకాణమూ నడుస్తూనే ఉన్నాయి. దుకాణం భాగంలో అద్దెకున్న మేరీ హార్న్‌బీ అనే ఆవిడ యాత్రికులకు షేక్స్పియర్ కుర్చీ అంటూ ఒకటి చూపేది. వచ్చినవారు దాని చెక్క అంతో ఇంతో కొని పట్టుకుపోయేవారు. మూడేళ్ళకోసారైనా కుర్చీకి కొత్త అడుగు వేయించవలసి వచ్చేదని అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాశాడు. 1820లో ఇంటి యజమానురాలితో అద్దె తగాదా వచ్చి, మేరీ ఇల్లు ఖాళీ చేసింది. పోతూ పోతూ, యాత్రికులు గోడల మీద రాసిన పేర్లన్నీ కనపడకుండా సున్నం కొట్టించింది.

1846లో ఆ యజమానురాలు చనిపోయింది. మరుసటి సంవత్సరం ఇల్లు వేలానికి వచ్చింది. అమెరికాలో వింతల ప్రదర్శనలు నడిపే బార్నమ్, ఆ ఇంటిని కొని, ఊడదీసి, ఓడలో తన దేశానికి తీసుకుపోదామనుకున్నాడట. ఆయనే తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు. తడికల ఇల్లు గనక విప్పటం పెద్ద కష్టమేమీ కాదు! ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. సంఘాలు ఏర్పడ్డాయి, చందాలు పోగయ్యాయి. 1847 సెప్టెంబరు 16న లండనులో జరిగిన వేలంలో ఆ సంఘాలవాళ్ళే 3,000 పౌన్లకు ఇల్లు దక్కించుకున్నారు.

ఇక మిగిలినది నిప్పు భయం. అటూ ఇటూ ఇళ్ళు ఆనుకుని ఉండేవి. వాటిని కొని తీసివేయటానికి 1856లో 2,500 పౌన్లు ఇచ్చిన ముసలాయన పేరు జాన్ షేక్స్పియర్! ఈయన నాటకాలు రాసినవాడు కాడు. హిందూస్తానీ భాషకు నిఘంటువూ, వ్యాకరణమూ రాసినవాడు. మన దేశానికి రాబోయే ఈస్టిండియా కంపెనీ కుర్రవాళ్ళకు ఆ భాష నేర్పిన పంతులు.

1891లో పార్లమెంటు చట్టం చేసి ఇంటిని ఒక ట్రస్టుకు అప్పగించింది. నేటికీ అది ఆ ట్రస్టుదే. మేరీ సున్నం గోడలకే గాని కిటికీ అద్దాలకు పట్టలేదు. యాత్రికులు పేర్లు గీకిన ఆ పాత కిటికీని ఇంట్లోనే ప్రదర్శనకు ఉంచారు. ఆ పేర్లలో నవలాకారుడు వాల్టర్ స్కాట్ పేరు కూడా ఉన్నది.