గండి ఎక్కడుంది?

మాది నౌపడ అనగానే మిత్రులు "ఉప్పు ఊరా?" అంటారు. ఉప్పుమడులున్న మాట నిజమే. గుణుపురం రైలు లైను చీలేది కూడా మా జంక్షన్‌లోనే. అయితే మాది వరి పండించే ఇల్లు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడాది నా ప్రాజెక్టులో పుట్టిన రొద గుట్టు విప్పింది మా పొలం కాలవే.

వార్షికోత్సవానికి మాడ్యులర్ సింథసైజర్ ఒకటి తయారుచేద్దామని మా తరగతిలో నలుగురం పూనుకున్నాం. స్వరం పుట్టించే పెట్టె ఒకటి, వడకట్టే పెట్టె ఒకటి, ఇలా విడివిడిగా చేసి తీగలతో కలుపుకుంటామన్నమాట. మన దేశానికిది మరీ కొత్త కాదు. 1969లోనే డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌ను నెలకొల్పాడు. నా వంతుకు 'డిలే' పెట్టె వచ్చింది. వచ్చిన ధ్వనిని రవ్వంతసేపు ఆపి వదలడం దాని పని. సామాన్లకు నాన్న ధాన్యం డబ్బులోంచి తీసిచ్చాడు. "ఇది దేనికి పనికొస్తాదిరా?" అని మాత్రం అడిగాడు.

దాని గుండెకాయ ఎం.ఎన్.3207 అనే చిప్. ఈ జాతి చిప్పుల ఊహ కూడా 1969లోనే, ఫిలిప్స్ వారి పరిశోధనశాలలో పుట్టింది. పేరు 'బకెట్ బ్రిగేడ్'. గడ్డికుప్ప అంటుకుంటే చెరువు నుంచి వరసకట్టి బిందెలు అందించుకోమూ? అదే పద్ధతి. ఇక్కడ 1024 మెట్లుంటాయి, నీటికి బదులు విద్యుదావేశం చేతులు మారుతుంది. తాళం తప్పకుండా చేతులు మారాలంటే ఒకడు కేక వేస్తుండాలి కదా, ఆ కేకే 'క్లాక్'. సెకనుకు 10,000 కేకలైతే ధ్వని 51.2 మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది.

పెట్టె తయారైంది. మా తరగతి అమ్మాయి పాట రికార్డు చేసి అందులోంచి పంపితే, పాటకంటే ముందు రొద పలికింది! అడుగున గుయ్యిమని మోత, పైన కీచుమని ఈల. వార్షికోత్సవానికి పది రోజులే ఉంది. అప్పుడు చేసిన పని చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. ఫిల్టరును 1,000 హెర్ట్‌జ్‌లకు దింపేశాను. ఈల ఆగింది. దాంతోపాటు పాటలో స, శ లు కూడా ఆగిపోయి, అమ్మాయి నూతిలోంచి పాడుతున్నట్టుంది. ప్రాక్టికల్ రికార్డులో "రొద తొలగింపబడినది" అని పెన్సిలుతో రాసుకున్నాను. సిరా పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆదివారం పెట్టె పట్టుకుని ఇంటికెళ్లాను. నాన్న విని "ఆ పిల్ల గొంతుకేటైందిరా?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"నీరు కారిపోతోందని కాలవే పూడ్సేస్తావేట్రా?" అని నవ్వి పొలానికి తీసుకుపోయాడు.

ఆవేళ చివరి మడికి నీరందడం లేదు. నాన్న గట్టంతా తవ్వలేదు. ఒక్కో తూమూ మూస్తూ, కాలవలో మట్టం చూస్తూ కిందికి నడిచాడు. మూడో తూముకూ నాలుగో తూముకూ మధ్య మట్టం పడిపోయింది. అక్కడ వెతికితే ఎండ్రకాయ బొరియ! రెండు పారల మట్టితో సరిపోయింది.

ఆ రాత్రి నేనూ తూములు మూశాను. పాట వచ్చే తీగ తీసి ఇన్‌పుట్‌ను గ్రౌండుకు కలిపాను. రొద తగ్గలేదు. అంటే బయటినుంచి రావడం లేదు. అడాప్టరు తీసి బ్యాటరీలు పెట్టాను. మోత పోయింది. అది కరెంటు వెంట వచ్చిన చుట్టం. తర్వాత 7805 రెగ్యులేటరు పెట్టి సాగనంపాను. ఇక డిలే మీట తిప్పాను. మీటతోపాటు ఈల స్థాయీ మారింది! దొంగ దొరికాడు, అది క్లాక్ కేకే. సెకనుకు 10,000 అంటే మన చెవికి అందే స్వరమే మరి.

పాటలోకి ఎలా దూరిందంటారా? క్లాకుకూ పాటకూ కలిపి ఒక్కటే సన్నని గ్రౌండు తీగ వేసింది నేనే. తీగ ఆదా అవుతుందనుకున్నాను! రెండు తీగలు వేరుచేసి, సప్లయి మొదటి దాకా విడివిడిగా తీసుకెళ్లాను. చిప్ కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వేశాను. చిప్‌కున్న రెండు అవుట్‌పుట్లలోనూ క్లాక్ ఎదురెదురుగా వస్తుంది. అవి కలిసేచోట ప్రీసెట్ తిప్పి ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చేశాను. అప్పుడు ఫిల్టరును 4,000కు ఎత్తగలిగాను. క్లాకులో సగం, అంటే 5,000 దాటితే లేనిపోని అపస్వరాలు పుడతాయి గనుక అక్కడే ఆగాను.

ఇసుక రాలినట్టు సన్నని సవ్వడి మాత్రం మిగిలింది. అన్ని చేతులు మారిన బిందెలో నాలుగు చుక్కలు తొణకవా? పెన్సిలు రాత చెరిపి సిరాతో రాశాను: "ఈల చాలావరకు తగ్గినది. స్వల్పముగా రొద మిగిలియున్నది." మార్కులు మాస్టారి దయ.

తెల్లారి నాన్నకు మళ్లీ వినిపించాను. తలవంచుకుని చివరిదాకా విన్నాడు. "ఇప్పుడు ఆ పిల్ల గొంతునాగే ఉంది" అని, పార భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. ఇది దేనికి పనికొస్తుందని ఈసారి అడగలేదు.