పుస్తకంలోంచి లేచి వచ్చిన బొమ్మలు

పిల్లలూ! బొమ్మల పుస్తకమంటే మీకందరికీ ఇష్టమే గదా! ఇంకా మాటలు రాని పసివాడు కూడా బొమ్మల పుస్తకం చూపిస్తే ఏడుపు మానేస్తాడు. మరి ఆ పుస్తకంలోని బొమ్మలే లేచి నిలబడి, నడిచి, మాట్లాడితే ఎల్లా ఉంటుంది? మీ చిట్టి తమ్ముణ్ణో చెల్లెల్నో అటువంటి ఆటకు తీసుకుపోవచ్చునా? జడుసుకోరు గదా? ఈ సంగతే ఇవాళ మీకు చెబుతాను. మీ అమ్మా నాన్నా కూడా చదివితే మంచిది.

బొమ్మల పుస్తకాన్ని ఆటగా ఆడించటం ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నది. ఎరిక్ కార్ల్ అనే అమెరికా చిత్రకారుడు 1969లో ఒక గొంగళిపురుగు కథకు బొమ్మల పుస్తకం చేశాడు. ఆ పురుగుకు ఎంత తిన్నా ఆకలి తీరదు. అది పండు తర్వాత పండు తింటూ పోతుంది. అది తిన్నచోటల్లా పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది! చివరకు ఆ పురుగు సీతాకోకచిలుక అవుతుంది. 2015లో ఆస్ట్రేలియాలో ఆ కథనూ, కార్ల్ రాసిన మరికొన్ని కథలనూ కలిపి 75 బొమ్మలతో రంగస్థలం మీద ఆడించారు. తరవాత ఆ ఆట ఎన్నో దేశాలు తిరిగింది.

అయితే మన తెలుగువాళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. మనకు తోలుబొమ్మలాట ఉన్నది. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రసక్తి కనిపిస్తుంది. రంగనాథ రామాయణంలోని ద్విపదలను ఆటగాళ్ళు ఈనాటికీ పాడతారు. ఆ ఆటగాళ్ళ ఊరు ఒకటి మన కోనసీమకు దగ్గరలోనే ఉన్నది. అది కాకినాడ పక్కనున్న మాధవపట్నం. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, గౌతమి దాటి, యానాం మీదుగా కాకినాడ పోవాలి. 2002లో బాలయోగి వారధి కట్టేదాకా అక్కడ గోదావరిని నీటిమీదనే దాటేవాళ్ళు.

కిందటి సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి పిల్లలతో వచ్చింది. మనవరాలికి ఎనిమిదేళ్ళు, మనవడికి నాలుగు. కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో తోలుబొమ్మలాట ఉన్నదనీ, కథ లంకాదహనమనీ తెలిసింది. ఆటకు ఇంకా నాలుగు రోజులున్నది. ఈలోగా ఇంట్లో ఉన్న రామాయణం బొమ్మల పుస్తకం తీసి, రోజూ సాయంత్రం ఇద్దరినీ చెరొకవైపున కూర్చోబెట్టుకుని చదివాను.

మనవడు హనుమంతుడి పేజీని వదిలేవాడు కాదు. రావణాసురుడి పేజీ వచ్చేసరికి మాత్రం రెండు పేజీలు కలిపి తిప్పేసేవాడు. నేను అడ్డు చెప్పలేదు. అక్క నవ్వబోతే వద్దన్నాను.

ఇది చూసి మా అమ్మాయి, "వాణ్ణి తీసుకుపోవద్దు నాన్నా! పుస్తకంలో బొమ్మకే ఇంత భయపడుతున్నాడు. అక్కడ మనిషంత బొమ్మ వచ్చి గర్జిస్తే రాత్రిళ్ళు ఉలికిపడతాడు," అన్నది.

ఆమె మాటలో నిజమున్నది. పుస్తకంలో పేజీ తిప్పే వేలు పిల్లవాడిదే. నచ్చిన బొమ్మ దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు. భయమేస్తే పుస్తకం మూసెయ్యవచ్చు. ఆటలో అల్లా కుదరదు. ఏ బొమ్మ ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో తెర వెనకవాళ్ళ ఇష్టం. అంతవరకూ పిల్లవాడి చేతిలో ఉన్న అధికారం ఒక్కసారిగా పోతుంది. పసిపిల్లల భయానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

"అల్లాగైతే వాడి అధికారం వాడికే ఇప్పిద్దాం," అని చెప్పి, ఆటనాడు చీకటిపడక ముందే ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆటగాళ్ళు అప్పుడే బొమ్మల పెట్టె విప్పుతున్నారు. బొమ్మలన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి ఉన్నాయి. అచ్చం పెద్ద బొమ్మల పుస్తకంలాగే! పెద్దాయన ఒకరు రావణుడి బొమ్మ పైకెత్తి, "రా బాబూ, పట్టుకుని చూడు," అన్నారు.

మనవడు నా పంచె పట్టుకుని, "కరుస్తుందా అండీ?" అని అడిగాడు.

"కరవదు నాయనా! ఈ కర్ర తీసేస్తే పాపం నిలబడనైనా లేదు," అన్నారాయన.

వాడు ఒక్క వేలితో కర్రను మాత్రం ముట్టుకుని వచ్చాడు.

రాత్రి ఆట మొదలైంది. మద్దెల మోగింది. తెర వెనక కొయ్యపలకల మీద గజ్జెల కాళ్ళు దడదడలాడాయి. రావణుడు రాగానే మనవడు నా ఒళ్ళోకి ఎక్కి, వేళ్ళ సందులోంచి చూశాడు. అంతలో హనుమంతుణ్ణి కట్టి తెచ్చారు. అప్పుడు వాడు గట్టిగా, "ఇప్పుడు తోకకి నిప్పెడతారు!" అని అరిచాడు. ముందువాళ్ళందరూ వెనక్కు తిరిగి నవ్వారు. వాడు చెప్పినట్టే జరిగింది! లంక అంటుకునేసరికి వాడు ఒళ్ళోంచి దిగి నిలబడ్డాడు. కేతిగాడూ బంగారక్కా వచ్చి పోట్లాడుకుంటుంటే పడీపడీ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే వాడంతట వాడే పుస్తకం తీసి, ఇన్నాళ్ళూ దాటేసిన పేజీ తెరిచాడు. చాలాసేపు చూసి, "తాతయ్యా, ఈయన కర్ర ఏదీ?" అన్నాడు.

ఇక ఆ బొమ్మలలోని విజ్ఞానం కొంచెం చూద్దాం. మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు తీసి, పలచగా గీకి, ఆరబెడతారు. అప్పుడు దానిలోంచి వెలుతురు కొంత దూరిపోతుంది. దానిమీద బొమ్మ గీసి, రెండువైపులా రంగులు వేస్తారు. నగలున్న చోట చిన్న చిన్న రంధ్రాలు తొలుస్తారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలు రవ్వల్లాగా మెరుస్తాయి. మామూలు నీడ నల్లగా ఉంటుంది, ఎందుకంటే మన ఒళ్ళు వెలుతురును అడ్డుతుంది. తోలుబొమ్మ అడ్డదు. వెలుతురు దాని రంగు పూసుకుని తెరమీద పడుతుంది. అందుకే అది రంగుల నీడ!

ఇంకొక విశేషం. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీతా స్పష్టంగా కనిపిస్తుంది. వెనక్కు, దీపం వైపు లాగితే నీడ పెద్దదై, అంచులు చెదిరిపోతాయి. వెలుతురు తిన్నగా పోతుంది గనక, దీపానికి దగ్గరగా ఉన్న వస్తువు ఎక్కువ వెలుతురును అడ్డుతుంది. మీరూ చేసి చూడండి. తెల్లని పంచె ఒకటి కట్టి, వెనక టార్చిలైటు పెట్టి, అట్టముక్కతో కోతిని కత్తిరించి ఆడించండి. నూనెదీపం మాత్రం వద్దు, బట్ట అంటుకుంటుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆటకు ముందు కథను పుస్తకంలో పిల్లలకు చూపించండి. ముందు ఏం జరగబోతుందో తెలిసిన పిల్లవాడికి ధైర్యం వస్తుంది. వీలైతే తెర వెనక చూపించమని ఆటగాళ్ళను అడగండి. భయపడితే "సిగ్గులేదూ!" అనకండి. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. మరీ ఏడిస్తే లేచి వచ్చెయ్యండి, మళ్ళీ ఏడాది చూడవచ్చు.

కాని ఆ "మళ్ళీ ఏడాది" ఉండాలంటే చూసేవాళ్ళుండాలి. ఒకప్పుడు ఈ ఆట తెల్లవార్లూ సాగేది. ఇప్పుడు చాలాచోట్ల గంటో రెండు గంటలో ఆడుతున్నారు. బతుకుతెరువు కోసం అదే తోలుతో దీపాల గుమ్మటాలు చేసి అమ్ముకునేవాళ్ళు కూడా ఉన్నారు. అనంతపురం సీమలోని నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. బిరుదు గొప్పదే. అయితే ఆటగాడికి తెర ముందు పిల్లలు కూడా కావాలి. కనక మీ దగ్గరలో ఎక్కడైనా తోలుబొమ్మలాట ఉన్నదని వింటే వెళ్ళండి. తమ్ముణ్ణి కూడా తీసుకుపొండి. వాడి చెయ్యి మాత్రం మీ చేతిలో ఉండనివ్వండి!