జోగి ఉపవాసము

బస్తరు దసరాలో రావణదహనము లేదు. అది 75 దినములు సాగు దంతేశ్వరీదేవి ఉత్సవము. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట అన్నమదేవుడు ఆ తల్లి అండతో ఇచట రాజ్యము స్థాపించెనని ప్రతీతి. నవరాత్రులలో జగదల్‌పూరు సిరహసారు భవనమున, మనిషి కూర్చుండునంత గోతిలో, హల్బా యువకుడొకడు 9 నాళ్లు ఉపవాసదీక్షతో కూర్చుండును. ఉత్సవము నిర్విఘ్నముగా సాగవలెనని అందరి తరఫున అతడొక్కని దీక్ష. అతనిని జోగి యందురు.

ఆ గోతియెదుట ఒక తెలుగు గృహిణి చాలసేపు నిలిచినది. 30 ఏండ్లుగా నవరాత్రి ఉపవాసము తప్పని మనిషి. స్థూలకాయమునకు శస్త్రచికిత్స జరిగి ఆమె కడుపు ఇప్పుడు గుప్పెడైనది. పలుమారులు కొంచెముకొంచెముగా తినవలెను, మాంసకృత్తులు మానరాదు, నీరు గుక్కగుక్కగా త్రాగవలెను. వైద్యుల కట్టడి గుడి కట్టడికంటె కఠినము! పస్తుండరాదు. పోనీ, ఉపవాసపు సగ్గుబియ్యపు పాయసమా? ఆ తీపి ఒక్కుమ్మడిగా పేగులలోనికి దిగి చెమటలు, గుండెదడ తెప్పించును. అంతకంటె ఆమెను బాధించినది వేరు: ఆకలియే సన్నగిలినది, ఇక దేవికొరకు దేనిని విడుచుట?

వెలుపల ఒకతె మడియా పేజు, అనగా మన రాగి అంబలి, దొప్పలలో పోసి అమ్ముచుండెను. ఆమె నాలుగు గుక్కలు త్రాగి, దొప్ప ప్రక్కనుంచి, మరల లోనికి పోయి జోగియెదుట కూర్చున్నది.