అరకు దారిలో పేము బుట్ట

కార్తికమాసం ప్రవేశించిందంటే మా కాలనీలో వనభోజనాల ముచ్చట్లు మొదలవుతాయి. ఉసిరిచెట్టు నీడలో నలుగురితో కలిసి పంక్తిభోజనం చేయడం పుణ్యమని పెద్దలు, ఆటవిడుపని పిల్లలు, ఒక్క పూటైనా వంటింటి నుండి విముక్తి అని గృహిణులు సంతోషిస్తారు. వీరిలో చివరివారి ఆశ మాత్రం ఎన్నడూ నెరవేరదు. వనభోజనం నాటి వంట తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇంట్లో ప్రారంభమవుతుంది కదా! 2023 కార్తికంలో ఒక ఆదివారం మేము రెండు కుటుంబాలవారం, మొత్తం తొమ్మిదిమందిమి, అరకు లోయకు ప్రయాణం కట్టాము. ఆ ప్రయాణానికి అసలు ప్రేరణ ఉసిరిచెట్టు కాదు, ఒక బుట్ట.

అంతకు కొద్ది నెలల ముందు మా నాన్నగారి పదవీ విరమణ సభలో సహోద్యోగులు ఆయనకు శాలువాతో పాటు ఒక పేము బుట్టను బహూకరించారు. తోలు పట్టీలు, ఇత్తడి బిగింపులు, లోపల గళ్ళ గుడ్డ అస్తరు, మూతకు అమర్చిన ఆరు పింగాణీ పళ్ళేలు, ఆరు గాజు గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, సీసా బిరడా తీసే మర చుట్ట. ఖాళీ బుట్టే ఆరు కిలోలు తూగింది. దానిని బీరువా మీద పెట్టి చూసుకోవడం తప్ప ఏం చేయాలో మాకు చాలా రోజులు తోచలేదు.

ఇటువంటి బుట్టల వైభవమంతా ఇంగ్లండుకు చెందినది. 1861లో ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణపై వెలువరించిన సుప్రసిద్ధ గ్రంథంలో 40 మంది వనవిహారానికి సరిపడే పదార్థాల పట్టిక ఒకటి ఉంది. చల్లార్చిన మాంసాలు, కాల్చిన కోళ్ళు, బాతులు, పావురాల మాంసంతో చేసిన పై, 6 లాబ్‌స్టర్లు, 18 లెట్యూస్ ఆకుకూర కట్టలు - ఇలా ఆ పట్టిక సాగిపోతుంది. మరచిపోకూడని వస్తువులలో 3 బిరడా మరలను కూడా ఆమె చేర్చింది. వనవిహారానికి కాఫీ తగదని, అక్కడ దానిని కాచుకోవడం కష్టమని కూడా హెచ్చరించింది. ఆ దొరల బుట్టలను మోయడానికి బండ్లు, సేవకులు ఉండేవారు. వారి చల్లని వాతావరణంలో మధ్యాహ్నం దాకా పదార్థాలు నిలిచేవి. మాకు ఈ రెండు సౌకర్యాలూ లేవన్న సంగతి బుట్ట సర్దే ఉత్సాహంలో మాకు స్ఫురించలేదు.

శుక్రవారం రాత్రి రెండు కుటుంబాలూ సమావేశమై పట్టిక రాశాము. కేకు, చాక్లెట్లు, జున్ను పెట్టిన శాండ్‌విచ్‌లు, వేయించిన జీడిపప్పు, కోసిన పండ్ల ముక్కలు, బంగాళాదుంప కూర, పూరీలు, కొబ్బరి పచ్చడి. బుట్ట హోదాకు తగినట్లుండాలని మా ఆరాటం. పొరుగింటి బామ్మగారు అంతా విని ఒకే ప్రశ్న వేశారు.

"ముందు ఎన్ని గంటలకు తింటారో చెప్పండి నాయనా. ఏం వండాలో నేను తరువాత చెబుతాను."

నాలుగు గంటలకు వండినది ఒంటిగంటకు తింటే మధ్య తొమ్మిది గంటలు. ఆవిడ వేళ్ళు మడిచి ఒక్కొక్కటే తీర్పు చెప్పారు. కొబ్బరి పచ్చడి మొదట పాడవుతుంది. నీళ్ళు పోసి వండిన దుంపకూర తరువాత. కోసిన పండు కంటే తొక్క ఉన్న పండు మేలు. పులిహోరకు చింతపండు పులుపు, నూనె, ఉప్పు కాపలా. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరచి బాగా ఆర్చి కలపాలే గాని, వేడి మీద డబ్బాలో కుక్కకూడదు. దధ్యోజనానికి అన్నంలో పాలు పోసి, ఒక చెంచా పెరుగు వేసి తీసుకువెళితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. పుల్లబడదు. దారిలో నమలడానికి జంతికలు, చేగోడీలు, సున్నుండలు.

ఈ మాటల్లో శాస్త్రం లేకపోలేదు. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వరకు గల ఉష్ణోగ్రతలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయని, వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచరాదని ఆహార నిపుణులు చెబుతారు. పులుపు ఆ వేగాన్ని తగ్గిస్తుంది. మేము బామ్మగారి పులిహోరను, దధ్యోజనాన్ని స్వీకరించాము కాని, మా పట్టికలో ఒక్క వస్తువునూ వదులుకోలేదు. తొమ్మిదిమందికి ఆరే పింగాణీ పళ్ళేలున్నందున అడ్డాకుల విస్తళ్ళు కూడా కట్టుకున్నాము. నిండిన బుట్టను ఇద్దరు లేపవలసి వచ్చింది.

విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం మీద సొరంగాలు దాటుతూ వెళ్ళడం ఒక మధురానుభూతి. 2017లో అద్దాల పైకప్పు గల పెట్టెను కూడా ఆ మార్గంలో ప్రవేశపెట్టారు. కాని ఆ బుట్టతో రైలెక్కి దిగడం మా తరం కాదని ఒక వ్యాన్ అద్దెకు మాట్లాడుకున్నాము. బుట్టను వ్యాన్ పైకెక్కించి, దానిమీద మడత కుర్చీలు, బ్యాడ్మింటన్ సరంజామా పేర్చి, టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించారు. బామ్మగారు మాత్రం ఒక గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర కొండ అందుకోగానే గాలి మారింది. మంచు తెర చాటున లోయలు, మలుపు మలుపుకూ రంగు మారే పచ్చదనం, ఎక్కడో దూరాన గూడ్సు బండి కూత. పిల్లలు పాటలు మాని కిటికీలకు అతుక్కుపోయారు.

టైడా దాటిన కొంతసేపటికి వ్యాన్ ముందుభాగం నుండి ఆవిరి చిమ్మింది. రేడియేటర్ గొట్టం చిట్లింది. డ్రైవరు అటుగా వచ్చిన జీపెక్కి కొత్త గొట్టం కోసం కిందికి వెళ్ళాడు. అప్పుడు సమయం పదకొండున్నర. మేము రోడ్డు పక్కన బండల మీద కూర్చుని, ఇదీ ఒక వినోదమే అనుకున్నాము. పన్నెండు దాటింది, ఒంటిగంట కావస్తోంది. బుట్టను అరకులో ఉసిరిచెట్టు కిందే విప్పాలని అందరి పట్టుదల.

నాన్నగారు ఉన్నట్టుండి నుదురు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అంత చల్లని గాలిలోనూ చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "బస్సు ఇంకా రాలేదేమిటి?" అని తడబడుతూ అడిగారు. మేము వచ్చింది బస్సులో కాదు. ఆయనకు మధుమేహం. ఉదయం ఏడు గంటలకు రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నారు. ఆ తరువాత ఏమీ తినలేదు. ఇద్దరం వ్యాన్ పైకెక్కి ముళ్ళు విప్పసాగాము. తాళ్ళు మంచుకు బిగిసి, ఎంతకూ వదలవు. చివరకు బుట్టను దించి మూత తెరిస్తే పైన చాక్లెట్లు, కేకు. వాటినే ఆయన నోటికి అందించబోయాము.

"అవి కాదు, ఉండండి!" అని బామ్మగారు వారించారు. గుడ్డసంచీలోంచి ఒక స్టీలు గ్లాసు, నీళ్ళ సీసా, పంచదార పొట్లం తీశారు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఆయన చేత మెల్లగా తాగించారు. పావుగంట గడిచింది. నాన్నగారి చూపు నిలిచింది. "ఏమిటర్రా, అందరూ నావంకే చూస్తున్నారు?" అన్నారు. అప్పుడు ఆవిడ అరటిపండు వలిచి ఇచ్చి, వెంటనే పులిహోర పెట్టించారు.

"మా ఇంటాయనకు ఇరవై ఏళ్ళు చక్కెర జబ్బు నాయనా. ఈ పొట్లం లేకుండా నేను గడప దాటి ఎరుగను" అన్నారు. ఆయన కాలం చేసి అప్పటికి నాలుగేళ్ళు.

తిరిగి వచ్చాక వైద్యుణ్ణి కలిస్తే ఆవిడ చేసిందే సరైన చికిత్స అన్నారు. సుమారు 15 గ్రాముల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తగ్గాక భోజనం పెట్టాలి. చాక్లెట్టులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మధుమేహులున్న ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోదగిన మాటలివి.

గొట్టం వచ్చి, వ్యాన్ కదిలి, మేము అరకు చేరేసరికి మూడు గంటలు. పొలాల నిండా వలిసె పూలు పసుపు ఆరబోసినట్లు పరచుకున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు. ఉసిరిచెట్టు దొరికింది. బుట్ట విప్పాము. కొబ్బరి పచ్చడి వాసన వేసింది, దుంపకూర జిగురు సాగింది. రెండూ పారవేశాము. గాజు గ్లాసులు రెండు పగిలాయి. బిరడా మరకు పనే పడలేదు. అడ్డాకుల్లో వడ్డించిన పులిహోర, దధ్యోజనం మెతుకు మిగలలేదు. భోజనానంతరం దగ్గరి కొట్టులో అరకు కాఫీ తాగాము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాఫీ పండే చోట బీటన్ దొరసాని హెచ్చరిక చెల్లలేదు. నాన్నగారు చక్కెర లేకుండానే తాగి, "ఇవాళ్టికి నా వాటా ముందే అయిపోయింది" అని నవ్వారు. అప్పటిదాకా నవ్వని మా అమ్మ కూడా నవ్వింది.

బుట్టను మేము తిరిగి బీరువా ఎక్కించలేదు. పింగాణీ, గాజు సామాను తీసివేసి స్టీలు పళ్ళేలు, గ్లాసులు అమర్చాము. మూత లోపలి వైపు నాన్నగారు స్వయంగా ఒక కాగితం అంటించారు. మొదటి పంక్తి "పంచదార". రెండవది "మాత్రలు, వేళకు భోజనం". మూడవది "బుట్ట కాళ్ళ దగ్గరే ఉండాలి, పైన కాదు". ఆ తరువాతే పులిహోర, దధ్యోజనం, జంతికలు, పండ్లు, విస్తళ్ళు, చెత్త తిరిగి తెచ్చుకునే సంచీ.

2024 కార్తికంలో గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయానికి వెళ్ళాము. వ్యాన్ ఎక్కేటప్పుడు బామ్మగారి గుడ్డసంచీని కూడా బుట్టలోనే భద్రంగా పెడతామన్నాము. ఆవిడ ఇవ్వలేదు.

"మీ బుట్ట ఎక్కడైనా పెట్టుకోండి నాయనా, ఇది మాత్రం నా ఒళ్ళోనే ఉంటుంది" అన్నారు.