కూల్చుటలోని విద్య

అన్నోజిగూడ వరంగల్లుకు పోవు రహదారి ప్రక్కనున్న యూరు. హైదరాబాదు నగరము తూర్పునకు పెరుగుచుండుటచే ఇచట పాత యిండ్లు కూలి, వాని చోట మేడలు లేచుచున్నవి. చలనచిత్రములకై కంప్యూటరులో విధ్వంస దృశ్యములను కల్పించుట నా వృత్తి. కావున ఎచట గోడ కూలుచున్నను నిలిచి చూతును.

"కూలగొట్టుటకు విద్య యేల?" అని పలువు రడుగుదురు. కట్టుట తెలియనివాడు కూలుటను చూపజాలడు. మేము ముందుగా గోడను కంప్యూటరులో నిర్మింతుము. పిదప దానిని వేల ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకును బరువును, గట్టిదనమును, ప్రక్క ముక్కతో గల పట్టును నిర్ణయింతుము. భూమ్యాకర్షణము, ముక్కల తాకిడి అటుపిమ్మట లెక్కకు వచ్చును. గాజు దెబ్బ తగిలిన చోటినుండి కిరణములవలె పగులును. కఱ్ఱ తన నార వెంట చీలును. ఇటుకగోడ అతుకుల వెంట విడిపోవును. ఈ భేదము తప్పినచో ప్రేక్షకుని కన్ను వెంటనే పసిగట్టును.

కంప్యూటరు రాకపూర్వము చిన్న నమూనాలను కూల్చి చిత్రించెడివారు. అసలులో 16వ వంతు నమూనా నాలుగవ వంతు కాలములోనే నేలకు చేరును. అందుచే సెకనుకు 24 చిత్రములకు బదులు 96 తీసి, మామూలు వేగముతో ప్రదర్శించెడివారు. అప్పుడు ఆ పతనమునకు నిజమైన బరువు వచ్చెడిది.

మా యూరికి దక్షిణమున, 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీలో 'బాహుబలి' చిత్రమునకు మాహిష్మతి కట్టడములు కొన్ని నిలిచినవి. తక్కిన నగరము కంప్యూటరులో పుట్టినది. 2017లో వచ్చిన రెండవ భాగము చివర భల్లాలదేవుని విగ్రహపు శిరస్సు జలపాతమున పడిపోవును. ఆ చిత్రమునకు స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగమున ఆర్.సి. కమలకణ్ణన్ జాతీయ పురస్కార మందుకొనెను.

ఒకనాడు మా వీధిలో కొడుకులు మేడ కట్టదలచి తల్లి కాపురమున్న పాత యింటిని తీయించిరి. యంత్రము గోడను త్రోసెను. ధూళి యెట్లు లేచునో నేను గమనించుచుంటిని. ప్రక్కనే నిలిచిన ఆ వృద్ధురాలు, "బిడ్డా, ఆ గూట్లనే యాభై ఏండ్లు దీపం పెట్టిన" అనెను. నాకు మాట రాలేదు.

మా కంప్యూటరులో గోడ నూరుమారులు కూలి, నూరుమారులు మరల లేచును. ఆమె గోడ ఒక్కమారే కూలినది. నాటినుండి నేను కూల్చవలసిన ప్రతి యింటిలోను ముందుగా ఒక దీపపుగూడు కట్టుచున్నాను. అది తెరపై కనబడునది ఒక్క నిమేషమే. ఐనను, పోయినదేమో తెలియనిచో ఇల్లు కూలుట ఉత్త ధూళియే యగును.