నడిచాక తిన్న నహారీ

షుగర్ వచ్చే సూచనలున్నాయని డాక్టరమ్మ చెప్పాక మీర్ ఆలం చెరువు దగ్గరి పార్కులో పొద్దున్నే నడక మొదలుపెట్టాను. చెమట పట్టేలా నడిచేవాణ్ణి. శాలిబండకు తిరిగొస్తూ దారిలో నహారీ, కుల్చా తినేవాణ్ణి. ఇంత కష్టపడ్డాక ఆ మాత్రం తినొద్దా అనిపించేది. నాలాంటి భారీ మనిషి గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250–300 కేలరీలు. గిన్నెడు నహారీ, రెండు కుల్చాలతో ఆ లెక్క దాటిపోతుంది.

ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆ సమయంలో నాకు నిజంగా ఆకలి ఉండేది కాదు. గట్టిగా వ్యాయామం చేసిన వెంటనే, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కాసేపు తగ్గుతుంది. కడుపు నిండిందని చెప్పే పీవైవై, జీఎల్‌పీ-1 పెరుగుతాయి. ఒళ్లు వద్దంటున్నా అలవాటు కొద్దీ తిన్నాను.

బరువు కదలకపోయేసరికి అన్నం పూర్తిగా మానేశాను. కొన్ని కిలోలు తగ్గాయి కానీ రాత్రిళ్లు ఆకలికి నిద్రపట్టేది కాదు. నాకు నిగ్రహం లేదని నన్ను నేనే తిట్టుకున్నాను, అది అన్యాయం. కొవ్వు కణాల్లో పుట్టి, నిల్వ ఎంతుందో మెదడుకు చెప్పే లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది. ఊబకాయుల్లో అది ఎక్కువగానే ఉన్నా మెదడు దానికి సరిగా స్పందించదు. ఒక్కసారిగా తిండి తగ్గిస్తే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఆ ఆకలి నా బలహీనత కాదు, శరీరం తనను కాపాడుకునే తీరు.

పోయిన కిలోలు తిరిగి రాగానే నడక కూడా మానేశాను. చేసినవాటిలో పెద్ద తప్పు ఇదే. ప్యాంటు వదులవుతోందని మా ఆవిడ అంతకుముందే అంది, నేనే పట్టించుకోలేదు. వ్యాయామంతో బరువు పెద్దగా తగ్గకపోయినా పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు తగ్గుతుంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. అది త్రాసుకు తెలియదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో పొట్ట దగ్గరి ఊబకాయం గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. మనవాళ్లలో మగవారికి నడుము చుట్టుకొలత 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

మళ్లీ నడుస్తున్నాను. అన్నం తింటున్నాను, కాస్త తగ్గించి, పప్పూ కూరా పెంచి. నహారీ పండగలకే.

కొత్తగా నడక మొదలుపెట్టినవారికి నా విన్నపం ఒకటే. ఇవాళే టేపుతో నడుము కొలిచి రాసుకోండి. కిలోలు తగ్గలేదని మాత్రం నడక మానకండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవారు తిండి తగ్గించే ముందు డాక్టరును తప్పక అడగండి.